పగటి నిద్ర గురించి శ్రీనివాస్‌కు

హనుమకొండ

ప్రియమైన శ్రీనివాస్‌కు,

నీ ఉత్తరం అందింది. అమెరికా వాళ్ల పగటి కోసం రాత్రంతా మేలుకుంటున్నానని, నాలుగు గంటల నిద్రతోనే సరిపెట్టుకోవడం అలవాటైపోయిందని గొప్పగా రాశావు. ఆ గొప్ప నాకు నచ్చలేదు కనుకనే ఇంత పొడుగు జవాబు. నేనైతే భోజనం కాగానే నడుం వాలుస్తున్నాను, అదీ తలుపు దగ్గరికి వేయకుండా.

పగటి నిద్ర అంటే ఏమిటో చూడాలంటే మిర్చి సీజన్‌లో మన ఏనుమాముల మార్కెట్‌కు రావాలి. కాంటాలు ముగిసి, లారీలు ఇంకా రాని ఆ కాస్త సందులో హమాలీలు ఖాళీ గోనెసంచులు పరుచుకొని, కొంత వెలుతురుకు, కొంత ఘాటుకు ముఖం మీద తువ్వాల కప్పుకొని పడుకుంటారు. పక్కనే బేరాలు సాగుతున్నా కదలరు. వాళ్లను సోమరులని ఎవరూ అనరు, ఎందుకంటే వాళ్ల వీపులు ఎంత మోశాయో అందరి కళ్లముందే ఉంటుంది. కుర్చీలో కూర్చునే మన అలసట ఎవరికీ కనబడదు కనుక, కన్ను మూస్తే సంజాయిషీ చెప్పుకోవాలి. నిజానికి గ్రీష్మంలో తప్ప పగటి నిద్ర కూడదన్న చరకుడే, బరువులు మోసీ, దారి నడిచీ అలసినవారితో పాటు చదివి అలసినవారికి కూడా మినహాయింపు ఇచ్చాడు.

అట్లాంటాలో ట్రిషియా హెర్సీ అనే నల్లజాతి మహిళ 2016లో ‘న్యాప్ మినిస్ట్రీ’ని ప్రారంభించి, జనాన్ని ఒకచోట చేర్చి, దిండ్లూ దుప్పట్లూ ఇచ్చి, అందరినీ కలిపి నిద్రపుచ్చారు. బానిసలుగా బతికిన తన పూర్వీకులకు దక్కని విశ్రాంతిని తాము తీసుకోవడమే నిరసన అని ఆమె వాదన. ఆ చరిత్ర వాళ్లది. దాన్ని మనం అరువు తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు, అవసరమూ లేదు, మన చరిత్ర మనకుంది. బ్రిటిషిండియాలో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలకు వారానికి 54 గంటలున్న పనిని, కార్మిక శాఖ చూస్తున్న అంబేడ్కర్ 1946లో తెచ్చిన సవరణ 48కి తగ్గించింది. అలా దక్కించుకున్న గంటలను మళ్లీ అడుగుతున్నారు: 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ మాట 90 దాకా పోయింది.

ఇక కునుకు తీస్తే పని చురుగ్గా సాగుతుందన్న వాదన ఒకటుంది. విమానంలో 26 నిమిషాల కునుకు తీసిన పైలట్లు మరింత అప్రమత్తంగా ఉన్నారని నాసా పరిశోధనలో తేలింది, నిజమే. విమానం నడిపేవారికి అది ప్రాణావసరం కూడా. అయితే ఆ లెక్కనే నా ఇంట్లోకి తెచ్చుకుంటే నా కునుకు కూడా కంపెనీ ఖాతాలోకే పోతుంది. అన్నం తిన్నందుకే మత్తు అనుకుంటాం గానీ, తినకపోయినా ఆ వేళకు ఒంట్లోని గడియారం కొంత మందగిస్తుంది. ఒళ్లు అడిగింది, పడుకున్నాను. ఇంతకు మించి కారణం చూపను.

ఒక్క విషయం మాత్రం నన్ను ఇబ్బంది పెడుతోంది. బాపు వాకిట్లో మంచం వేసుకొని ఊరంతా వినేలా గుర్రు పెట్టేవాడు. అవ్వ వంటింటి గడప దగ్గర, వట్టి నేల మీద, కొంగు మడిచి తల కింద పెట్టుకొని ఒరిగేది. గేటు చప్పుడైతే చాలు, లేచి కూర్చుని “ఊకెనే ఒరిగిన బిడ్డా” అనేది, ఎవరూ ఏమీ అడగకముందే. తలుపు తీసి పడుకోవడంలో నా ధైర్యమేమీ లేదు, ఆ హక్కు బాపు నుంచి వచ్చింది. అందుకే ఈ మధ్య నా భార్య పడుకున్నప్పుడు ఎవరైనా వస్తే, నేనే ఎదురెళ్లి “పడుకుంది, తరువాత రండి” అని చెప్పి పంపుతున్నాను. చుట్టాల్లో ఒకరిద్దరు నొచ్చుకున్నారు, నొచ్చుకోనీ.

మీ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం ఎవరు పడుకుంటున్నారు, ఎవరు గిన్నెలు తోముతున్నారు? చెల్లెలిని అడిగి నిజం రాయి. జవాబు మాత్రం రాత్రి మేలుకొని రాయకు.

నీ
రమేశ్