బారెట్ తప్పును ఎందుకు కడిగేశారు?

బిడ్డా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫైనల్ ఫాంటసీ సెవెన్ రీమేక్ వీడియో గేమ్ పూర్తి చేసి, "మీ పాత ఆటలో రాజకీయం ఏముందమ్మా, చెట్లు మంచివి, కంపెనీ చెడ్డది, అంతేగా" అన్నావు చూడు, దానికి ఫోన్లో జవాబిస్తే నన్ను సగంలోనే ఆపేస్తావు, అందుకని రాస్తున్నా. నేను దానికి మూలమైన 1997 ఆటను ఈమధ్యే మళ్లీ మొదటినుంచి ఆడాను. బొమ్మలు చేతులకు వేళ్లు కూడా లేకుండా ఉంటాయి, నిజమే. కానీ రాజకీయం మాత్రం నీ కొత్త ఆటలోకన్నా దీంట్లోనే గట్టిగా ఉందని నా అభిప్రాయం.

మొదలే తీసుకో. మిడ్గర్ అనే మహానగరంలో, షిన్రా కంపెనీ భూమి ప్రాణశక్తిని పీల్చి కరెంటు చేసే మాకో రియాక్టర్‌కి మనం, అంటే బారెట్ నడిపే అవలాంచ్ ముఠా, బాంబు పెడతాం. పాత ఆటలో బాంబు మనదే, పేలుడూ మనదే, అందులో పోయిన ప్రాణాలూ మన ఖాతాలోవే. 2020 రీమేక్‌లో మన బాంబు ఏదో కాస్త పేలుతుంది, ఆ తర్వాత కంపెనీ అధినేత ప్రెసిడెంట్ షిన్రా, అతని భద్రతా అధికారి హైడెగర్ తెర మీద చూసుకుంటూ సొంత యంత్రాలతో సొంత రియాక్టర్‌నే పేల్చేయించి, నింద అవలాంచ్ మీదా శత్రుదేశం వూటాయ్ మీదా వేస్తారు. పాపం మన ముఠాలోని జెస్సీ, తను పెట్టిన మందు ఎక్కడో తేడా కొట్టిందేమో అని లోలోపల నలిగిపోతుంటుంది, మనకేమో ఆ పిల్ల తప్పేం లేదని ముందే చెప్పేశారు. అంటే ఆడేవాడికి క్లీన్ చిట్ ఇచ్చి కూర్చోబెట్టారన్నమాట. కంపెనీ కుట్రలు చేయదని కాదు నేననేది. పాత ఆటలోనూ చేస్తుంది, సెక్టార్ సెవెన్ అనే మురికివాడ మీద పైకప్పు కూల్చి, అది అవలాంచ్ పనేనని ప్రకటించి, వెంటనే షిన్రా పేరుతో సహాయక బృందాలను పంపిద్దామని ప్రెసిడెంట్ ఎంత తాపీగా చెప్తాడో చూడు, అంత చిన్న డైలాగ్‌లో అంత రాజకీయం పట్టించడం మాటలు కాదు. తేడా ఏంటంటే, అక్కడ షిన్రా దుర్మార్గం మన దుర్మార్గాన్ని మాఫీ చేయదు.

ఆట చాలా దూరం వెళ్లాక ఒకచోట మన జట్టులోని పిల్లి బొమ్మ కెయిట్ సిత్ బారెట్‌ని నిలదీస్తాడు. మిడ్గర్‌లో రియాక్టర్ పేల్చినప్పుడు ఎంతమంది పోయారో తెలుసా అని. భూమి కోసం చేశాం, కొన్ని ప్రాణాలు పోక తప్పదు అంటాడు బారెట్. నీకు కొన్నే, పోయినవాళ్లకు అదే సర్వస్వం అని ఎదురొస్తుంది జవాబు. ఇంకో మెలిక ఏంటంటే అడిగేవాడూ శుద్ధపూస కాదు. ఆ పిల్లి బొమ్మను నడిపించే రీవ్ షిన్రాలో పెద్ద అధికారి, మన మధ్యే ఉండి గూఢచారి పని చేసినవాడు, బారెట్ పెంచుకుంటున్న చిన్నపిల్ల మార్లీన్‌ని అడ్డం పెట్టుకుని బెదిరించినవాడు. ఇద్దరి చేతులకూ నెత్తురంటింది, ఇద్దరూ ఒకే ఓడలో ప్రయాణం చేయాలి. దీన్ని చెట్లు మంచివి, కంపెనీ చెడ్డది అని ఎలా సర్దేస్తావురా?

ఇక కోరెల్. అది బారెట్ సొంతూరు, బొగ్గు ఊరు. రియాక్టర్ కట్టనిద్దాం, ఈ రోజుల్లో బొగ్గు ఎవడు వాడతాడు అని ఊళ్లో వాదించింది ఎవరనుకున్నావ్, బారెటే. తాతలనాటి గనులు వదలొద్దని అడ్డం తిరిగినవాడు అతని దోస్తు డైన్. తర్వాత రియాక్టర్‌లో పేలుడు జరిగితే షిన్రా ఆ నింద ఊరిమీద వేసి ఊరినే తగలబెట్టింది, బారెట్ భార్యా పోయింది, చెయ్యీ పోయింది. కొన్నేళ్లకు అతను తిరిగొస్తే మిగిలినవాళ్లు గుడిసెల్లో ఉంటున్నారు, పక్కనే గోల్డ్ సాసర్ అనే వినోదపార్కుకి రోప్‌వే, టూరిస్టులు జామ్మని పైకి పోతుంటారు. ఊరివాళ్లు బారెట్‌ని కొడతారు, అంత పెద్ద మనిషి పోయిన చేతి స్థానంలో తుపాకీ ఉండి కూడా ఊరుకుంటాడు. తాతయ్య బొగ్గుబాయిలో షిఫ్టుకి పోయి వచ్చిన ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి చెప్తున్నా, కొత్తగూడెంలో మా కాలనీలో కొత్తగా ఏది వస్తుందన్నా ఇంటింటికీ ఇదే లొల్లి ఉండేది. సరే అన్నవాడు ద్రోహి కాదు, పిల్లల ఫీజులు కట్టాల్సినవాడు. అవలాంచ్ నాయకుడిని అలాంటి ఇంటినుంచి తేవడం నాకిప్పుడు ఆ ఆటలో అన్నిటికన్నా తెలివైన పని అనిపిస్తోంది.

పాత ఆటలో డైన్ ఏం చేస్తాడు? నెత్తురంటిన చేతులతో కూతురు మార్లీన్‌ని ఎలా ఎత్తుకోను అని, లాకెట్ బారెట్‌కి ఇచ్చి తనే లోయలోకి దూకేస్తాడు. 2024లో వచ్చిన రీమేక్ రెండో భాగం రీబర్త్‌లో షిన్రా సైనికుల తూటాలకు పోతాడు. మళ్లీ అదే వరస, బరువంతా షిన్రా నెత్తిన.

ఆ ఆట తయారైన రోజులు కూడా చూడు. 1995 మార్చిలో టోక్యో మెట్రోలో ఓమ్ షిన్రిక్యో అనే మతముఠా సారిన్ విషవాయువు వదిలింది, భూమికి మేలు, మనుషులకు మోక్షం అనే ముఠాలంటే జపాన్‌లో అందరికీ ఒళ్లు జలదరించే టైమ్. అదే ఏడాది డిసెంబర్‌లో మోంజు అణు రియాక్టర్‌లో సోడియం లీకైతే నడిపేవాళ్లు వీడియో దాచిపెట్టి దొరికిపోయారు. అలాంటప్పుడు బాంబు పెట్టేవాడిని హీరోని చేసి, వాడినీ నిలదీయడం చిన్న విషయం కాదు.

అయినా అదేదో వేదం అని నేననను. అసలు విలన్ సెఫిరోత్ వెంట పడ్డాక రాజకీయం అటకెక్కుతుంది. వూటాయ్‌ని యుద్ధంలో ఓడించి టూరిస్టు ఊరుగా మార్చేశారన్న ముక్కను చిన్న పక్కకథలో చుట్టేశారు. ఇంగ్లిషు అనువాదంలో బారెట్ చేత మాట్లాడించిన తీరు, నల్లజాతి మనిషి అంటే అరుపులూ బూతులే అన్నట్టు, ఇప్పుడు చదువుతుంటే చిరాకేస్తుంది, అక్కడ కొత్త ఆట చాలా నయం.

ఇప్పుడు నా అనుమానం రీమేక్ మూడో భాగం గురించి. కెయిట్ సిత్ నిలదీసే ఘట్టం రావాల్సింది అందులోనే. రియాక్టర్‌ని పేల్చింది షిన్రాయే అని వీళ్లే తేల్చేశాక, ఎంతమంది పోయారో తెలుసా అని బారెట్‌ని ఏ మొహంతో అడుగుతారు? అడిగినా, మేం కాదుగా చేసింది అనేస్తే అయిపోయె కదా. నీకేమన్నా తోస్తే రాయి, వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు.

అమ్మ