మంత్రి గారూ, ఈసారి కోచ్ జోలికి వెళ్లకండి

గౌరవనీయులైన క్రీడాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. వరుసగా ఓడుతున్న మన ఫుట్‌బాల్ జట్టుకు ప్రభుత్వం డబ్బు సాయం చేయబోతోందని, అందుకు షరతుగా 'కొత్త కోచ్, కొత్త ముఖాలు' అడుగుతోందని విన్నాను. సాయం మంచిదే. షరతు దగ్గరే నా పేచీ.

నేను ఆటగాణ్ణి కాను, కోచ్‌ని అంతకన్నా కాను. ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టుకు 11 ఏళ్లు కిట్ చూసుకున్నాను. జెర్సీలు లెక్కపెట్టడం, బూట్లకు స్టడ్లు బిగించడం, బంతుల్లో గాలి చూడటం నా పని. వ్యూహాల గురించి నన్నెవరూ అడిగేవారు కాదు. కానీ జట్టు ఎటు పోతోందో బట్టల బుట్ట దగ్గర నిలబడినవాడికి ముందే తెలుస్తుంది. గెలిచే రోజుల్లో సాక్సులు జతలుగా వచ్చి పడతాయి. ఓడే రోజుల్లో ఒకటి బుట్టలో ఉంటే రెండోది బెంచీ కింద ఉంటుంది.

మా డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక తెల్లబోర్డు ఉండేది. 3 సీజన్లలో ఐదుగురు కోచ్‌లు వచ్చారు, పోయారు. ఒకాయన ఎర్ర మార్కర్‌తో బాణాలు గీసేవాడు, తర్వాతి ఆయన నీలంతో. చెరిపినా మరక పూర్తిగా పోయేది కాదు. ఐదో ఆయన వచ్చేసరికి, ఎవరు ఎటు పరిగెత్తాలో ఆ బోర్డుకే తెలియనట్టు ఉండేది. కుర్రాళ్లు కార్నర్ (మైదానం మూల నుంచి బంతి తన్నే అవకాశం) సంకేతాలు నేర్చుకోవడం మానేశారు. "ఈయన ఉండేదెన్నాళ్లు, ఇవన్నీ ఇప్పుడెందుకన్నా" అన్నాడు ఒక డిఫెండర్ నాతో. నవ్వుతూనే అన్నాడు. అప్పుడే నాకు భయం వేసింది.

కోచ్‌ని మారిస్తే వెంటనే ఫలితం కనిపిస్తుంది కదా అని మీ సలహాదారులు అనవచ్చు. కనిపిస్తుంది, నిజమే. కొత్తాయన వచ్చిన నెలలో ఒకటో రెండో గెలుపులు వస్తాయి, పేపర్లో ఫోటో వస్తుంది. నెదర్లాండ్స్ ఫుట్‌బాల్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన కోచ్ మార్పుల మీద ఒక పరిశోధన ఉంది. అంతే ఘోరంగా ఓడుతూ కూడా కోచ్‌ని మార్చని జట్లతో పోల్చి చూస్తే, అవి కూడా దాదాపు అలాగే కోలుకున్నాయని అందులో తేలింది. వరుస ఓటముల్లో కొంత చేతగానితనం ఉంటుంది, కొంత దురదృష్టం ఉంటుంది. దురదృష్టం ఎలాగూ ఎల్లకాలం ఉండదు. అది వదిలిన రోజున కుర్చీలో ఎవరుంటే పేరు వాళ్లకు వస్తుంది.

మా నాలుగో కోచ్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఏమనుకోకండి. మిగతావాళ్లంతా మొదటి రోజు మీటింగ్ పెట్టి ఉపన్యాసం ఇచ్చారు. ఈయన నేరుగా కిట్ గదికి వచ్చి బంతుల సంచి మీద కూర్చున్నాడు. "మ్యాచ్ అయ్యాక ఎవరి బూట్లకు మట్టి తక్కువగా ఉంటుంది?" అని అడిగాడు. తర్వాత, "ఎవరు ఎవరి పక్కన కూర్చోరు?" అన్నాడు. తెలిసింది చెప్పాను. వారం తిరిగేసరికి బట్టలు తగిలించుకునే చోట్లు మారిపోయాయి. ముఖాలు చూసుకోని ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు పక్కపక్కకు వచ్చారు.

మేం చివరి పావుగంటలో, అదీ ఎక్కువగా కార్నర్ల మీద, గోల్స్ తింటున్నామని ఆయన గమనించాడు. కార్నర్లు ఎలా కాచుకోవాలో చెప్పే పని ఎవరికిచ్చాడో తెలుసా? మా మూడో గోల్‌కీపర్‌కి. ఆ అబ్బాయి ఆ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కానీ అన్ని మ్యాచ్‌లూ బెంచీ మీద నుంచి చూసినవాడు అతనే. నేల మీద వాటర్ బాటిల్ మూతలు పెట్టి, "ఇక్కడ నువ్వు, ఇక్కడ నువ్వు" అని సీనియర్లకు చెబుతుంటే, మొదటి రోజు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడో వారానికి సీనియర్లే వంగి మూతలు సర్దడం మొదలుపెట్టారు. సాక్సులు మళ్లీ జతలుగా వచ్చాయి.

ఆయన ఉన్నది 11 మ్యాచ్‌లు. పాయింట్ల పట్టికలో మేం పెద్దగా కదల్లేదు. యాజమాన్యం చూసింది పట్టికను, బుట్టను కాదు. తీసేశారు.

నాయకత్వంలో సృజన అంటే నాకు అర్థమైంది ఇదే. చేతిలో లేనిదాని గురించి ఏడవకుండా, ఉన్నదాన్ని ఎవరూ చూడని వైపు నుంచి చూడటం. చేత్తో బంతి విసిరి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో బిల్ వాల్ష్ అనే కోచ్ పేరు మీరు వినే ఉంటారు. 1970లో ఆయన సిన్సినాటి జట్టులో అసిస్టెంట్ కోచ్. బంతి దూరం విసరగల కుర్రాడు భుజం దెబ్బతో కూలబడ్డాడు. మిగిలిన వర్జిల్ కార్టర్ చేతిలో బలం తక్కువ, కానీ గురి ఉంది. దూరం విసరలేనివాడితో దూరం విసిరించడం దేనికని వాల్ష్ దగ్గర దగ్గరగా, అడ్డంగా, చకచకా విసిరే ఆట తయారుచేశాడు. తర్వాతి రోజుల్లో ఆ దేశపు లీగ్ ఆటతీరునే అది మార్చేసింది. దాని పుట్టుక మాత్రం ఒక లోటులో ఉంది.

అదే వాల్ష్ 1979లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టుకు హెడ్ కోచ్‌గా వచ్చాడు. అంతకుముందు సీజన్లో ఆ జట్టు 16 మ్యాచ్‌ల్లో 2 గెలిచింది. ఆయన మొదటి సీజన్లో ఎన్ని గెలిచిందంటారు? మళ్లీ రెండే. మీ షరతు ప్రకారమైతే ఆయన కథ అక్కడే ముగిసేది. రెండో ఏడు 6 గెలిచారు. మూడో ఏడు 13 గెలిచి, 1982 జనవరిలో ఆ లీగ్ కప్పు సూపర్ బౌల్ ఎత్తుకున్నారు. ఆ మొదటి చెత్త ఏడాదిలోనే కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 82వ ఎంపికగా, తర్వాత గొప్ప ఆటగాడైన జో మోంటానా అనే కుర్రాణ్ణి తీసుకున్నారు. ఆఫీసులో ఫోన్ ఎత్తే అమ్మాయి ఎలా మాట్లాడాలన్నది కూడా వాల్ష్ పట్టించుకున్నాడంటారు. 'కోచ్‌కి ఇదేం పని' అనిపిస్తుంది. కిట్ గదిలో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు అలా అనిపించలేదు.

బేస్‌బాల్‌లో తక్కువ డబ్బుతో, లెక్కలు చూసి ఆటగాళ్లను ఏరుకున్న ఓక్లాండ్ జట్టు 2002 కథ మరీ ప్రచారంలో ఉంది కాబట్టి ఒక్క మనిషి సంగతే చెబుతాను. స్కాట్ హాటెబర్గ్ క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు. మోచేతి నరం దెబ్బతిని ఇక విసరలేని పరిస్థితి. మిగతా జట్లు వద్దనుకున్నాయి. ఓక్లాండ్ వాళ్లు చూసింది అతని చేతిని కాదు, కళ్లను. చెడ్డ బంతిని కొట్టకుండా వదిలేసే ఓర్పు అతనికి ఉంది. తీసుకొచ్చి, ఎన్నడూ ఆడని ఫస్ట్ బేస్ దగ్గర నిలబెట్టారు. అది నేర్పించడానికి రాన్ వాషింగ్టన్ అనే కోచ్ ఓపిగ్గా కూర్చున్నాడు. ఆ సెప్టెంబరు 4న ఓక్లాండ్ 11-0 ఆధిక్యం పోగొట్టుకుని 11-11 దగ్గర చెమటలు కక్కుతుంటే, బెంచీ మీద నుంచి వచ్చి హోమ్ రన్ కొట్టింది ఈ హాటెబర్గే. అది వరుసగా 20వ గెలుపు. అయితే ఈ కథ చెప్పేవాళ్లు ఒకటి దాటేస్తారు. ఆ జట్టులో అప్పటికే బంతి విసిరే గట్టి పిచ్చర్లు ముగ్గురు ఉన్నారు. లెక్కల తెలివి ఒక్కటే గట్టెక్కించలేదు. మీ దగ్గరికి ఎవరైనా ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి డేటాతో అద్భుతం చేస్తామంటే ఈ ముక్క గుర్తుంచుకోండి.

కొన్నిసార్లు ఏమీ మార్చకపోవడానికే ఎక్కువ ధైర్యం కావాలి. 2015లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు లెస్టర్ సిటీకి కోచ్‌గా వచ్చిన క్లాడియో రానియెరి పాత కోచ్ అసిస్టెంట్లను పంపించకుండా వాళ్లతోనే పని మొదలుపెట్టాడు. సీజన్ మొదట్లో ప్రతి లీగ్ మ్యాచ్‌లోనూ గోల్ తింటుంటే, గోల్ ఇవ్వకుండా గెలిస్తే పిజ్జా పెట్టిస్తానన్నాడు. గెలిచాక తీసుకెళ్లి, "మీరే చేసుకోండి" అన్నాడు. గెలుస్తుందని ఒక రూపాయి కాస్తే 5000 ఇస్తామని పందెగాళ్లు అన్న జట్టు 2016 మేలో ఇంగ్లండ్ చాంపియన్ అయింది. 10 నెలలు తిరక్కుండానే ఆయన్ని తీసేశారు. చాంపియన్‌కే దిక్కు లేదు, ఇక అడుగున ఉన్న జట్టు కోచ్‌ సంగతి చెప్పాలా?

డెక్కన్ చార్జర్స్ మనందరికీ గుర్తే. 2008 ఐపీఎల్‌లో 14 మ్యాచ్‌ల్లో 2 గెలిచి ఆఖరున నిలిచింది. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో జొహానెస్‌బర్గ్‌లో కప్పు గెలిచింది, ఫైనల్లో 6 పరుగుల తేడాతో. మూడేళ్ల తర్వాత, 2012లో, యాజమాన్యం డబ్బు ఇబ్బందుల మధ్య ఆ ఫ్రాంచైజీయే రద్దయింది. మైదానంలో ఎంత తెలివైనవాడు ఉన్నా జీతాలిచ్చే గదిలో దీపం ఆరిపోతే ఏం చేయగలడు? మీరు తలపెట్టిన సాయం అవసరమైంది ఆ గదికే. అందుకే సాయం వద్దనడం లేదు.

ఓపిక పట్టమన్నంత మాత్రాన కావాలని ఓడమనడం కాదు. ఫిలడెల్ఫియా బాస్కెట్‌బాల్ జట్టు ఓడే జట్లకు ముందుగా దక్కే మంచి డ్రాఫ్ట్ ఎంపికల కోసమని ఏళ్ల తరబడి బలహీనమైన జట్టునే దింపింది. 2015-16లో 82 మ్యాచ్‌ల్లో గెలిచింది 10. కాగితం మీద లెక్క సరిపోయి ఉండొచ్చు. రోజూ ఓడటానికి బట్టలు వేసుకునే కుర్రాడి మనసులో ఏముంటుందో ఆ కాగితంలో ఉండదు.

డబ్బు ఇచ్చే ముందు యాజమాన్యాన్ని ఒక్క పేరు అడగండి. జట్టు ఎంపిక, శిక్షణ, ఎవరిని కొనాలి, ఎవరిని పంపాలి అన్నీ ఆ ఒక్క మనిషి బాధ్యత. మూడు సీజన్లకు ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. జీతాలు ఆలస్యం చేయడం, లెక్కల్లో మోసం, ఆటగాళ్లను వేధించడం లాంటివి జరిగితే వెంటనే తీసేయండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఓడినందుకు మాత్రం మొదటి ఏడాది తీయకూడదు. ఆ ఏడాది పట్టిక అడక్కండి. అకాడమీ కుర్రాళ్లు ఎన్ని నిమిషాలు ఆడారు, గాయాలతో ఎందరు ఎన్ని రోజులు బయట ఉన్నారు, చివరి పావుగంటలో ఎన్ని గోల్స్ తిన్నాం అని అడగండి. ఈ మూడూ మెరుగుపడుతుంటే పాయింట్లు కాస్త ఆలస్యంగానైనా రావడానికి అవకాశం ఉంటుంది. మీ శాఖ తరఫు మనిషి జట్టు ఎంపిక గదిలో ఉండకూడదు. ఆయన నోరు విప్పకపోయినా, ఆయన కుర్చీ మాట్లాడుతుంది.

మ్యాచ్‌లకు మాత్రం తప్పకుండా రండి. స్టాండ్‌లో కూర్చోండి. డ్రెస్సింగ్ రూమ్‌లోకి మాత్రం రావద్దు, గెలిచిన రోజు కూడా.

మా పాత బోర్డు ఇప్పుడు నా దగ్గరే ఉంది. కొత్త స్క్రీన్ బిగించాక పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. మీ ఆఫీసుకు పట్టుకురమ్మంటే తెస్తాను. అందులో ఆకుపచ్చ బాణాలు నాలుగో ఆయనవి. వెలుతురుకు కాస్త వంచి చూస్తే కనిపిస్తాయి.

ఇట్లు,
ఒకప్పటి కిట్ మేనేజర్