మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది కార్యవర్గం 11 సార్లు సమావేశమైంది. కోరం లేక మరో రెండు సమావేశాలు వాయిదా పడ్డాయి. వీధి దీపాలు, కాపలా, పార్కు పనులు ఎప్పటిలాగే సాగాయి. ఈసారి నేను ముఖ్యంగా చెప్పవలసింది చెరువు గురించి.

ఫిబ్రవరిలో జరిపిన చెరువు నడక మన సంఘం చేసిన పనుల్లోకెల్లా గొప్పదని నా అభిప్రాయం. 43 మంది వచ్చారు. పాత గ్రామ నక్షా పట్టుకుని, మన చెరువు నిండితే అదనపు నీరు పొర్లిపోయే అలుగు దగ్గర బయలుదేరి, వాగు జాడ వెంట కింది చెరువు దాకా నడిచాం. ఆ జాడ మన మూడో వీధి మీదుగానే పోతోంది. వాన పడితే మోకాలిలోతు నీరు నిలిచేదీ అక్కడే. 2020 అక్టోబరులో సెల్లార్లు మునిగినప్పుడు డ్రైనేజీని తిట్టుకున్నాం. వచ్చింది మాత్రం అలుగు నీరు.

ఒకప్పుడు నీరటి పని, అంటే చెరువు నీటిని పొలాలకు వదిలే పని, చేసిన కుటుంబంలోని పెద్దాయన ముళ్లపొదలు కొట్టించి, ఆ నీటిని వదిలే తూము చూపించారు. రెండు నిలువు రాళ్లు, వాటి మధ్య అడ్డరాయి, అడుగున పిడికిలి పట్టేంత రంధ్రం. దానికి కర్ర బిరడా ఉండేదట. ఏ మడికి ఎంత నీరు వదలాలో తన తండ్రి బిరడాను బెత్తెలతో కొలిచి ఎత్తేవారని ఆయన చేత్తో చూపిస్తుంటే పిల్లలు కదలకుండా నిలబడ్డారు.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. నీరు నిలిచేది పైనున్న మెత్తబడ్డ రాతి పొరలోనూ పగుళ్లలోనూ మాత్రమే. అందుకే మన పెద్దలు ఒక చెరువు అలుగు పారితే మరో చెరువు నిండేలా గొలుసుకట్టుగా తవ్వించారు. చెరువులోనూ వరి మడుల్లోనూ నిలిచిన నీరు నెమ్మదిగా ఇంకి బావులకు చేరేది. నగరంలోని మాసాబ్ ట్యాంకు ప్రాంతంలో ఇప్పుడు చెరువు లేదు, పేరే ఉంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు ఈ నగరాన్ని కాపాడుతూ వచ్చాయి. మనం మాత్రం చెరువు నీటితో పండే ఆయకట్టు భూముల్లో ప్లాట్లు కొనుక్కుని, ఏప్రిల్‌లో ట్యాంకర్లకూ వానాకాలంలో మోటార్లకూ డబ్బు పోస్తున్నాం. ఈ రెండు ఖర్చులకూ కారణం ఒక్కటే, నీరు నిలిచే చోటునూ పారే దారినీ మనం తీసుకోవడం.

శిఖం, అంటే చెరువు నీరు నిలిచే భూమి, హద్దులు సర్వే చేయించమని 4 అర్జీలు పెట్టాం. “వస్తాం” అన్న అధికారులు ఇంతవరకు రాలేదు. తూము దగ్గర పూడిక తీసే పనికి పేర్లిచ్చిన 28 మందిలో గునపం పట్టినది ఐదుగురే. ఇది నన్ను చాలా బాధించింది. ఆ ఐదుగురికీ, నీరటి పెద్దాయనకూ, ట్రాక్టరు ఇచ్చిన సభ్యునికీ, ఉచితంగా టీ పోసిన దుకాణదారుకూ, పాఠశాల పిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చుల పత్రం జతచేశాం, తనిఖీ పూర్తయింది. చందా బకాయిలున్నవారు ఈ నెలలోనే చెల్లించగలరు.

తూము దగ్గర ఇంకా నడుము లోతు పూడిక ఉంది. వచ్చే ఆదివారం ఉదయం 6 గంటలకు కట్ట మీద కలుద్దాం. పలుగు, పార సంఘమే ఇస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి