ల్యాబ్ సీజ్ కాలేదు, నేనే మూశాను

మన ల్యాబ్‌కి ఏళ్ళ తరబడి వస్తున్నవారికీ, ముఖ్యంగా పోయిన వారం పరగడుపున వచ్చి షట్టర్ చూసి వెనక్కి వెళ్ళినవారికీ ఈ నాలుగు ముక్కలు.

బుధవారం నుంచి శనివారం దాకా శాంపిళ్ళు తీయలేదు. అధికారులొచ్చి సీల్ వేశారని బజార్లో ఎవరో పుట్టించారు. ఎవరూ రాలేదు, ఏ నోటీసూ లేదు. తాళం వేసింది నేను, తాళంచెవి నా దగ్గరే ఉంది. కారణం వేస్ట్ బండి.

మున్సిపాలిటీ ట్రాక్టర్ సంగతి కాదు. రక్తం అంటిన దూది, సిరంజిలు, సూదుల కోసం వేరే బండి వస్తుంది. దూది పసుపు కవర్లో, సూది తీసేసిన సిరంజిలూ గ్లౌజులూ ఎర్ర కవర్లో, సూదులేమో గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలో వేస్తాం. ప్రతి కవరుకీ బార్‌కోడ్ ఉంటుంది. పసుపుది ఇలాంటి వ్యర్థాల కోసమే ఉన్న ప్లాంటులో కాలుస్తారు, పొగ వెళ్ళే రెండో గదిలో వేడి వెయ్యి డిగ్రీల పైనే ఉండాలి. ఎర్రది ఆవిరిలో శుద్ధి చేసి ముక్కలు చేశాకే ఆ ప్లాస్టిక్ మళ్ళీ వాడకానికి వెళ్తుంది. ఆసుపత్రి వ్యర్థాల మీద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం పసుపు కవరు 48 గంటలకి మించి మన దగ్గర ఉండకూడదు. తప్పనిసరై ఉంచితే తగిన జాగ్రత్తలు తీసుకుని, ఎందుకో కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయాలి.

బండి రాలేదు. ఫోన్ చేస్తే "రేపు పంపిస్తామండి" అన్నారు. మర్నాడు డ్రైవర్ లేడన్నారు. ఆ తర్వాత టైరు పంక్చరన్నారు. చివరికి మీ బాకీ ఉందన్నారు. బాకీ! నెలనెలా ఐదో తారీఖు దాటకుండా కట్టే మనిషిని నేను. రసీదు ఫోటో వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు. ఇంతా చేసి అదే బండి మా సందు చివరి నుంచి నర్సింగ్ హోముకి వెళ్ళడం మా అబ్బాయి చూశాడు. వాళ్ళు పడకల లెక్కన కడతారు. నావి రెండు కవర్లు, అవి తీసుకోడానికి ఆగితే డీజిల్ దండగ అనుకున్నారేమో. పోనీ వేరే వాళ్ళకి మారదామంటే మా ప్రాంతానికి ఉన్నది ఆ ఒక్క ప్లాంటే.

ఈలోగా సలహాలకి కొదవ లేదు. కొబ్బరితోటలో గొయ్యి తీసి పూడ్చేద్దాం వదినా అన్నాడు మా మరిది. అలా పూడ్చడానికి ప్లాంటు అందుబాటులో లేని మారుమూల ఊళ్ళకే వీలుంది, అదీ ముందుగా అనుమతి తీసుకుని. పాతసామాన్ల అతనైతే ఎర్ర కవరు వంక చూసి, కిలో లెక్కన తీసుకుంటానమ్మా అన్నాడు. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడేసిన సిరంజిలు మళ్ళీ వాడటం వల్ల హెపటైటిస్ బి పాకి పదుల సంఖ్యలో జనం పోయారు. అతన్ని గుమ్మం దాకా కూడా రానివ్వలేదు.

నిజంగా నలిగిపోయింది మాత్రం మూడో సలహా దగ్గర. అన్నీ నల్ల కవర్లో కట్టి తెల్లారకముందే ట్రాక్టర్‌లో వేసెయ్యి, అందరూ చేసేదే అన్నారు. ఎవరికీ తెలియదు, నిజమే. కానీ చెత్త కోసం మా సందుకి వచ్చే అమ్మాయి కవరు ముడి విప్పి, తడీ పొడీ చేత్తోనే వేరు చేస్తుంది. గ్లౌజు ఒక చేతికే ఉంటుంది, అదీ బొటనవేలు దగ్గర చిరిగిపోయి. ల్యాబ్ మూస్తే రక్తం పలచబడే మాత్రలు వేసుకునే పెద్దాయనకి ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే పరీక్ష, ఎవరు చూస్తారు? నెలలు నిండుతున్న ఆవిడకి థైరాయిడ్ ఎవరు చేస్తారు? ఎదురు ల్యాబ్‌కి పోతారు, మళ్ళీ ఇటు రారు. రాత్రంతా ఇదే గోల. శాంపిల్ తీసిన కొద్దీ కవర్లు పెరుగుతాయి, పెట్టే చోటు లేదు. తెల్లారాక షట్టర్ దించేశాను. ఎదురు ల్యాబ్ కవర్లు ఆ వారం ఎటు వెళ్ళాయో నేనడగను, మీకు కావాలంటే మీరడగండి.

మండలికి రాతపూర్వకంగా తెలియజేశాను. శనివారం సాయంత్రం బండి వచ్చింది, అన్నీ స్కాన్ అయ్యాయి. రిజిస్టరు కౌంటర్ మీదే ఉంది. సీల్ కథ చెప్పినవాళ్ళు కూడా వచ్చి చూసుకోవచ్చు, కుర్చీ వేస్తాను.

ఇకమీదట బండి ఒక్కసారి తప్పినా ముందురోజే మీకు ఫోన్ వస్తుంది. పసుపు కవర్ల కోసం తాళం వేసే పాత డీప్ ఫ్రీజర్ ఒకటి కొన్నాను. దాని ఖర్చు మీ బిల్లులో వేయను. ఇంటికొచ్చి శాంపిల్ తీయడం ఈ నెలాఖరు దాకా లేదు.

షుగర్ ఉన్నవారు తెచ్చిచ్చే ఇన్సులిన్ సూదులు ఇక తీసుకోవద్దని మా ఇంట్లోనే అన్నారు. అవి ఇళ్ళ చెత్త లెక్కలోకి వస్తాయి, వాటి ఏర్పాటు మున్సిపాలిటీ చూడాలి. చూసే దాకా నేను తీసుకుంటాను. పల్చటి క్యారీ బ్యాగులో మాత్రం తేకండి. మందపాటి ప్లాస్టిక్ సీసా, బాత్రూం క్లీనర్‌దైనా సరే, మూత గట్టిగా బిగించి తెండి.

సోమవారం నుంచి మామూలుగా పొద్దున్న ఆరున్నరకే తెరుస్తాం. పరగడుపు అంటే మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. పంచదార వేయని కాఫీ కూడా కాఫీయే.