గడ్డి పుప్పొడి పడని పిల్లల కోసం: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

వానలు పడి గరిక పూతకొచ్చిందంటే మా అబ్బాయికి తుమ్ములు మొదలవుతాయి. అరచేత్తో ముక్కును పైకి రుద్దీ రుద్దీ దాని మీద అడ్డగీత పడిపోయింది. బడిలో జలుబనుకుని పిల్లలు దూరం జరుగుతారు. ఇది పుప్పొడి ఎలర్జీ, అంటుకునేది కాదండీ!

తుమ్ములు తగ్గించే సిట్రజిన్ మాత్ర ఆ పూటకే. ఇమ్యునోథెరపీ వేరు. ఏ పుప్పొడి పడదో దాని సారాన్నే అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఇంజెక్షన్‌గానో నాలుక కింద మందుగానో ఇస్తూ ఒంటికి అలవాటు చేస్తారు. కొత్తదేమీ కాదు, 1911లోనే లండన్‌లో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో చేసి చూపించారు. సాధారణంగా మూడేళ్లు వాడాలి. ఆపేశాక కూడా గుణం కొన్నేళ్లు నిలుస్తుంది, ఆస్తమా లక్షణాలు ముదరకుండా కాపాడే అవకాశం ఉంది. అందుకే చిన్న వయసులోనే అందాలంటున్నాను.

ఇంజెక్షన్ వేశాక బిడ్డను అరగంట అక్కడే కనిపెట్టుకుని ఉండాలి, మందు వికటిస్తే వెంటనే వేసే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ చేతికందేలా ఉండాలి. అంటే ఇది పెద్దాసుపత్రిలో జరగాల్సిన పని. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగంలో వారానికి ఒక్కరోజైనా స్కిన్ ప్రిక్ పరీక్ష (ఏది పడదో చర్మం మీద చిన్నగా గుచ్చి చూసేది), ఈ చికిత్స ఉచితంగా అందేలా చూడండి. శ్రీకాళహస్తి నుంచో పుత్తూరు నుంచో వచ్చే కూలి తల్లి మూడేళ్లపాటు ఆ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తుంది?

ఇట్లు,
ఒక తల్లి, తిరుపతి