ఆ స్క్రీన్‌షాట్ నిజమే, దోశ ధర పెరిగిందీ నిజమే

మన కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ మధ్య మన న్యూజెర్సీ ఎడిసన్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక స్క్రీన్‌షాట్ తిరుగుతోంది. అందులో మన రెస్టారెంటు పేరు, పక్కన రెండు అంకెలు: 60,000 డాలర్లు, 84,000 డాలర్లు. దాని కింద ఎవరో ఇలా రాశారు: "గవర్నమెంటు దగ్గర ఇంత తీసుకుని మళ్ళీ మసాలా దోశ మీద రెండు డాలర్లు పెంచుతారా?" అంకెలు రెండూ కరెక్టే. అవి పీపీపీ డబ్బు, అంటే కరోనా రోజుల్లో జీతాలు ఆగకుండా ఉండాలని ప్రభుత్వం బ్యాంకుల ద్వారా ఇప్పించిన అప్పు. దాన్ని తీసుకున్న వ్యాపారాల వివరాలు ప్రభుత్వమే ఆన్‌లైన్‌లో పెట్టింది, ఎవరైనా చూసుకోవచ్చు. అడిగినందుకు నాకేం కోపం లేదు, మీ చోట ఉంటే నేనూ అడిగేవాణ్ణే. కౌంటర్ దగ్గర మొహమాటపడి ఊరుకున్నవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి లెక్క ఇక్కడే చెబుతున్నాను.

కరోనా వల్ల 2020 మార్చి 16 రాత్రి 8 గంటల నుంచి న్యూజెర్సీలో రెస్టారెంట్లలో కూర్చుని తినడం బంద్. సరిగ్గా పదకొండు రోజులకు, మార్చి 27న, కరోనా సాయం కోసం కేర్స్ చట్టం వచ్చింది. అందులో చిన్న వ్యాపారాల కోసం పెట్టిందే ఈ పీపీపీ. పేరుకు అప్పు, వడ్డీ 1 శాతం. చెప్పినట్టు ఖర్చుపెడితే మాఫీ. ఎంతిస్తారన్నది మీ అమ్మకాలను బట్టి కాదు, మీ నష్టాన్ని బట్టీ కాదు. నెలకు సగటున ఎంత జీతాలిస్తున్నారో దానికి రెండున్నర రెట్లు. మన జీతాల బిల్లు అప్పట్లో నెలకు 24,000. అందుకే 60,000. రెండో విడత చట్టం 2020 డిసెంబరు 27న వచ్చింది. అందులో హోటళ్ళకు మాత్రం మూడున్నర రెట్లు అన్నారు. అదే 84,000.

రెండూ కలిపితే ఆరు నెలల జీతాలు. అంతే. స్క్రీన్‌షాట్‌లో చూస్తే లక్షా నలభై నాలుగు వేలు పెద్దగానే కనిపిస్తుంది. కానీ మన హాలు పూర్తిగా మూసి ఉన్నదే దాదాపు ఆరు నెలలు. సెప్టెంబరు 4న తెరిచినా 25 శాతం సీట్లకే అనుమతి. వంద శాతానికి రావడానికి 2021 మే నెలాఖరు దాకా పట్టింది.

మొదటి విడతలో డబ్బు ఎలా అయిపోయిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2020 ఏప్రిల్ 3న దరఖాస్తులు మొదలు, 16వ తేదీకల్లా 349 బిలియన్లూ ఖాళీ. ఒక్కో బ్రాంచిలో 500 మంది లోపుంటే చాలని హోటళ్ళకు వెసులుబాటు ఇవ్వడంతో పెద్ద పెద్ద చెయిన్లు కూడా క్యూలో నిలబడ్డాయి. గొడవ జరిగాక బర్గర్ల చెయిన్ షేక్ షాక్ తన 10 మిలియన్లు తిరిగి ఇచ్చేసింది. మా బ్యాంకు మాత్రం ముందు పెద్ద ఖాతాల పని చూసుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదేననుకున్నాను. ఏప్రిల్ 24న ఇంకో 310 బిలియన్లు కలిపాక గానీ మన వంతు రాలేదు.

వచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. మాఫీ కావాలంటే డబ్బు ఖాతాలో పడ్డ రోజు నుంచి 8 వారాల్లో ఖర్చుపెట్టాలి, అందులో 75 శాతం జీతాలకే పోవాలి. హాలు మూసి ఉంది. కూర్చోబెట్టడానికి లేని రెస్టారెంటులో వడ్డించేవాళ్ళను పనిలోకి పిలవాలి! ఇంకోపక్క అదే కేర్స్ చట్టం నిరుద్యోగ భృతి మీద వారానికి అదనంగా 600 డాలర్లు ఇస్తోంది. మన దోశ మాస్టర్‌కు పెనం ముందు నిలబడితే వచ్చేదానికంటే ఇంట్లో ఉంటే వచ్చేదే ఎక్కువ. రమ్మని ఎలా అడగను? అడిగాను. ఆయన వచ్చాడు, అది నా అదృష్టం. ఇద్దరు రాలేదు, వాళ్ళను నేనేమీ అనను.

వచ్చినవాళ్ళకు పని కావాలి కదా. దోశ డబ్బాలో పెడితే పార్కింగ్ లాట్ దాటేలోపే మెత్తబడుతుంది. మూతకు చిల్లులు పెట్టాం, అడుగున కాగితం వేశాం, లాభం లేదు. అప్పుడు మాస్టరే అన్నాడు, పిండే అమ్మేద్దాం, ఎవరింట్లో వాళ్ళు పోసుకుంటారని. 32 ఔన్సుల డబ్బాలో పిండి, చిన్న డబ్బాలో అల్లం పచ్చడి, ఇంకోదాంట్లో సాంబారు. ఆ వేసవి మనం బతికింది దాని మీదే. డబ్బా మూత తీసి "పులిసిందా లేదా" అని వీడియో కాల్‌లో చూపించిన ఆంటీలందరికీ ఈ సందర్భంగా దండం.

ఆ 8 వారాల రూలు మాలాంటి వాళ్ళకు పనికిరాదని కాంగ్రెస్‌కూ అర్థమైంది. ప్రతినిధుల సభలో 417 మంది అవునన్నారు, ఒక్కరే కాదన్నారు. జూన్ 5న సంతకమైన ఆ సవరణతో 8 వారాలు 24 అయ్యాయి, 75 శాతం 60 అయింది. అన్నిట్లోకీ మాకు బాగా పనికొచ్చింది ఈ సవరణే అంటాను. మిగిలిన 40 శాతంలో అద్దె, కరెంటు బిల్లు సర్దుకోగలిగాం. రెండు విడతలూ మాఫీ అయ్యాయి. ఒక్క డాలరు కూడా నా జేబులోకి రాలేదనను, నా జీతం కూడా ఆ పట్టీలో ఉంది. అందరికంటే తక్కువే తీసుకున్నాను, అయినా ఉంది.

స్క్రీన్‌షాట్‌లో లేనిది ఇంకొకటుంది. 2020 జూన్‌లో ప్రభుత్వం దగ్గరే విపత్తు రుణం తీసుకున్నాం, ఈఐడీఎల్ అంటారు. ఇది మాఫీ అయ్యేది కాదు. లక్షన్నర డాలర్లు, 3.75 శాతం వడ్డీ, 30 ఏళ్ళు. తాకట్టు వ్యాపారంలో ఉన్న ఆస్తులన్నీ, అంటే మీ ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్‌తో సహా. కట్టడం మొదలుపెట్టడానికి 30 నెలలు గడువిచ్చారు గానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తోంది. ఆ గడువు 2022 డిసెంబరు దాకానే. ఆ తర్వాత కట్టాల్సింది నెలకు 731 డాలర్లు. ఆగిపోయిన అద్దె బకాయి దీనికి అదనం. యజమాని వాయిదా వేశాడే తప్ప వదిలేయలేదు.

దీన్ని తీర్చేస్తుందని మేం ఆశపెట్టుకున్నది 2021 మార్చి 11 నాటి అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టం మీద. అందులో హోటళ్ళ కోసమే 28.6 బిలియన్లతో ఒక నిధి పెట్టారు. పీపీపీలా కాదు, 2019 అమ్మకాల్లోంచి 2020 అమ్మకాలు తీసేసి, తీసుకున్న పీపీపీ కూడా తీసేసి, మిగిలిన నష్టం ఎంతో అంత ఇస్తామన్నారు. ఇది అప్పు కూడా కాదు. నా దృష్టిలో అన్ని పథకాల్లోకీ న్యాయంగా లెక్క కట్టింది ఇదే. కానీ 2,78,000 మంది 72 బిలియన్లకు పైగా అడిగారు. అందింది లక్ష మందికి. మొదటి 21 రోజులు మహిళలు, మాజీ సైనికులు, మైనారిటీల దరఖాస్తులకే అన్న నిబంధన కోర్టుకెక్కి ఆగిపోయింది. మంజూరైందని కబురందుకున్న దాదాపు మూడు వేల మందికి ఆ మంజూరు రద్దయింది కూడా. మనకు ఆ కబురే రాలేదు.

నిధిని మళ్ళీ నింపుతారని ఏడాది ఎదురుచూశాం. 2022 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ ఒప్పుకుంది. మే 19న సెనేట్‌లో 52 మంది అవునన్నారు, 43 మంది కాదన్నారు. ముందుకు కదలాలంటే 60 కావాలి. కాబట్టి ఆ దారి మూసుకుపోయిందనుకునే ఇప్పుడు లెక్కలు వేస్తున్నాను, ధరలు పెంచడానికి అసలు కారణం కూడా అదే. నూనె డబ్బా, సోనా మసూరి బస్తా మీరూ కొంటున్నారు, వాటి ధరల గురించి కొత్తగా చెప్పేదేం లేదు.

ఇక మీకు తెలియాల్సినవి. ఆదివారం బఫే తిరిగి రాదు. ఒకరు రెండు ప్లేట్లు, ఇంకొకరు ఆరు ప్లేట్లు తింటే సగటున గిట్టుబాటయ్యే రోజులు పోయాయి. బదులుగా ఆదివారం మధ్యాహ్నం భోజనం ఉంటుంది, అన్నం, పప్పు, పులుసు ఎంతైనా అడగొచ్చు, స్వీటు ఒక్కటే. సోమవారం సెలవు. మాస్టర్‌కు వారంలో ఒక్క రోజైనా విశ్రాంతి కావాలి, ఆయన మోకాళ్ళు మీరు చూశారుగా. పిండి డబ్బాలు ఆగవు, ధర కూడా పాతదే.

యాప్‌లో కాకుండా ఫోన్ చేసి ఆర్డర్ ఇస్తే పాతిక శాతం పైన కమీషన్ మిగులుతుంది. అందుకే ఫోన్ ఆర్డర్లకు దోశల మీద పెంచిన రెండు డాలర్లలో ఒకటి తగ్గిస్తున్నాం. జులై 4 వీకెండ్‌కు గృహప్రవేశాలు, సీమంతాలు ఉన్నవాళ్ళు ఈసారి అడ్వాన్సు సగం ముందే ఇవ్వాలి. సరుకు అరువు మీద దొరకడం లేదు. శనివారం ఉదయం పదింటి నుంచి కౌంటర్ దగ్గరే ఉంటాను, లెక్కలు ఇంకా చూడాలనుకునేవాళ్ళు రండి, కాగితాలు చూపిస్తాను.