మీటింగులో ఎవరూ నోరు విప్పరన్నావే!

కడప

ఒరేయ్ మామా,

ఎట్లున్నావు? నీ ఉత్తరం చదివితే కర్నూలు ఎండకన్నా మీ షోరూములో వేడే ఎక్కువున్నట్టుంది. సర్వీస్ సెక్షన్‌కి నిన్ను ఇన్‌ఛార్జిని చేశారు, సంతోషం. పార్టీ సంగతి తర్వాత తేలుద్దాం. "పొద్దున్నే మీటింగు పెట్టి సమస్యలేమన్నా ఉన్నాయా అంటే అందరూ నేలచూపులు చూస్తారు, సాయంత్రం కస్టమరొచ్చి నా మీద అరుస్తాడు" అని రాశావే, ఈ ఉత్తరమంతా దాని గురించే.

మీ వాళ్ళకి సమస్యలు లేక కాదురా. చెబితే ఏమవుతుందో తెలుసు కాబట్టి చెప్పరు. నీకన్నా ముందున్నాయన ఎట్లా అరిచేవాడో నువ్వే చెప్పేవాడివి. ఆ భయం కూడా కుర్చీతో పాటే నీకొచ్చింది.

మా ల్యాబులో జరిగింది చెప్తా విను. కొత్తగా చేరిన అమ్మాయి నైట్ డ్యూటీలో ఒక పేషెంటుకి రక్తం తీసింది. సీరం (గడ్డకట్టిన రక్తం మీద తేలే నీరు) పరీక్షకి పెట్టిన ట్యూబులో తక్కువ పడిందని, ఊదా మూత ట్యూబులోంచి కొంచెం అందులోకి వంచింది. రెండూ ఒకే మనిషి రక్తమే కదా అనుకుంది. కానీ ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసి ఉంటుంది. అది పొటాషియం లవణం. ఆ రక్తం కలిస్తే రిపోర్టులో పొటాషియం అమాంతం పెరిగిపోతుంది, కాల్షియం పడిపోతుంది. డాక్టరు ఆ అంకె నమ్మితే, లేని జబ్బుకి వైద్యం మొదలవుతుంది. రిపోర్టు పోకముందే ఆ అమ్మాయే ఫోన్ చేసి, "అన్నా, ఇట్లా చేసినా, తప్పేమో" అంది.

"బుద్ధుందా నీకు" అనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పు? అన్నామంటే ఆ పిల్ల ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యదు. అది విన్న మిగతావాళ్ళూ చెయ్యరు. అందుకే ఇట్లాంటప్పుడు ఏమనాలో నేను ముందే అనుకుని పెట్టుకున్నా. "చెప్పి మంచి పని చేసినావు. రిపోర్టు ఆపు, మళ్ళీ శాంపిల్ తీద్దాం." అంతే. మిగతాది తెల్లారి, టీ తాగి, నిద్ర మత్తు పోయాక మాట్లాడుకున్నాం. అప్పుడు తేలిందేమంటే, ఏ ట్యూబు తర్వాత ఏది నింపాలో ఆ పిల్లకి నేర్పించారు గానీ, ఒకదాంట్లో వేసింది ఇంకోదాంట్లో కలవకూడదనే ఆ వరుస అని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ట్రే మీద వరుస రాసిన కార్డు ఉంది. కొత్తవాళ్ళకి కారణంతో సహా చెప్తున్నాం. తిట్టి ఉంటే నిజం బయటపడేది కాదు, కార్డూ వచ్చేది కాదు.

ఇది నా సొంత తెలివేం కాదులే. ఎమీ ఎడ్మండ్‌సన్ అని అమెరికాలో ఒక పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లు లెక్కేసింది. మంచి టీముల్లో తప్పులు తక్కువుంటాయనుకుంటే, లెక్కలో ఎక్కువొచ్చాయి. ఆరా తీస్తే, వాళ్ళు తప్పులు ఎక్కువ చేయడం లేదు, దాచకుండా చెబుతున్నారు. కాబట్టి మామా, నువ్వు సరిగ్గా పనిచేస్తే మొదట్లో కంప్లయింట్లు పెరిగినట్టే కనిపిస్తాయి. ఈ మాట మీ ఓనరుకి ముందే చెప్పిపెట్టుకో. లేకపోతే నెల తిరిగేసరికి "నువ్వొచ్చాకే ఇట్లైంది" అంటాడు.

నీకు తెలియని పని కింది మెకానిక్‌ని అడగాలంటే నామోషీగా ఉందన్నావు. పాత తెలుగు కావ్యాలు అచ్చేయించిన మా ఊరి సి.పి. బ్రౌన్ దొర కన్నా పెద్ద ఆఫీసరువా నువ్వు? తనకన్నా తెలుగు బాగా వచ్చిన పండితుల్ని సొంత డబ్బుతో జీతాలిచ్చి ఇక్కడ తన బంగళాలో పెట్టుకున్నాడు. ఒక్కో కావ్యానికి పలుచోట్ల నుంచి ప్రతులు తెప్పించి, ఏది సరైన పాఠమో వాళ్ళ చేత తేల్పించుకున్నాడు. అదే జాగాలో ఇప్పుడు ఆయన పేరుతో లైబ్రరీ ఉంది. ఈసారొస్తే ఎర్రముక్కపల్లికి తీసుకెళ్తా.

డ్యూటీ చార్టు మాత్రం గదిలో ఒక్కడివే కూర్చుని వెయ్యొద్దు. ఉగాదికి ముస్లింలని డ్యూటీలో పెడితే సరిపోతుందనే లెక్క కడపలో నడవదు. వెంకన్న పెళ్ళాడిన బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ అంటూ వాళ్ళూ ఆ రోజు దేవుని కడప గుడికి పోతారు. పెద్ద దర్గా ఉరుసొస్తే అందరికీ సెలవు కావాలి! చార్టు గోడకి అంటించి, పెన్సిలిచ్చి, మీరే తేల్చుకోండన్నా. ఒక పూట గొడవపడ్డారు, తర్వాత వాళ్ళే సర్దుకున్నారు.

ఇక ఆ మీటింగు మానెయ్. పదిమంది ముందు ఎవడూ చెప్పడు. బండి దగ్గరికి పోయి, "ఈరోజు దేనివల్ల పని ఆగింది?" అని ఒక్కొక్కర్నీ అడుగు. స్పేర్ పార్టు రాలేదనో, జాబ్ కార్డులో కంప్లయింటు సరిగ్గా రాయలేదనో ఏదో ఒకటి చెప్తారు. దాన్ని ఆ వారంలోనే సరిచేసి, చెప్పినోడికి చెప్పు. వినేసి ఊరుకున్నావంటే మళ్ళీ నేలచూపులే.

ఆ సీనియర్ మెకానిక్ ఒకడున్నాడన్నావే, ఇంజను చెవితో పట్టేస్తాడు గానీ కుర్రాళ్ళని బూతులు తిడతాడని. పనోడు కదా అని నువ్వు చూస్తూ ఊరుకున్నావంటే ఆ బూతులు నువ్వు తిట్టినట్టే వాళ్ళకి వినిపిస్తాయి. పక్కకి పిలిచి సూటిగా చెప్పు, గడువు పెట్టు. మారకపోతే కుర్రాళ్ళ మీద పెత్తనం తీసేసి, ఇంజను పని మాత్రం ఇవ్వు. ఇక్కడ నువ్వు మొహమాటపడతావని నాకు తెలుసు. ఆయనతో ఏం మాట్లాడావో, ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి.

అమ్మని అడిగానని చెప్పు.

నీ
మామ